బస్సు ఎలాగూ వెళ్తోంది కదా!

మనుషుల కోసం నడిచే బస్సు మోటారు బేరింగుల్నీ సీతారాముల తలంబ్రాలనూ మోయడం మొదలుపెట్టింది. ఖాళీగా పోతున్న జాగాను కాసులుగా మార్చుకోవడం చెప్పినంత తేలికేనా? ఖమ్మం-భద్రాచలం దారుల్లో ఆర్టీసీ కథ వింటే తెలుస్తుంది.

తల్లాడ సెంటర్. ఖమ్మం నుంచి వైరా మీదుగా వచ్చిన దారి ఇక్కడ కాసేపు ఊపిరి పీల్చుకుని కల్లూరు, సత్తుపల్లి వైపు సాగిపోతుంది. ఇంకో దారి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరుతుంది. అక్కణ్నుంచి భద్రాచలం, ఆపైన అడవి. సాగర్ ఎడమ కాలువ చివరి పొలాలు ఒకపక్క, పోడు భూములూ గూడేలూ మొదలయ్యే నేల మరోపక్క. ఈ రెంటినీ కలిపేది ఆర్టీసీ బస్సే.

ఓ పదేళ్లు వెనక్కి వెళ్దాం. మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ మాడ్చేస్తోంది. ఖమ్మం వెళ్లే పల్లెవెలుగు బస్సు వచ్చి ఆగింది. ఉన్నవి యాభై సీట్లయితే ఎక్కినవాళ్లు పదిహేను మంది. కండక్టర్ ఓసారి అటూ ఇటూ చూసి ‘రైట్’ అన్నాడు. బస్సు కదిలింది. పొద్దున ఎనిమిదింటికి ఇదే బస్సులో కాలుపెట్టడానికి చోటు లేదు. సాయంత్రం ఐదింటికి మళ్లీ అదే పరిస్థితి. మధ్యలో మాత్రం సీట్లు గాలికి ఊగుతూ పోవాల్సిందే.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. తల్లాడ నుంచి ఖమ్మం రమారమి నలభై కిలోమీటర్లు. లీటరుకు అయిదు కిలోమీటర్లు అనుకుంటే ఒక్క ట్రిప్పుకు ఎనిమిది లీటర్ల డీజిల్. లోపల పదిహేను మంది ఉన్నా యాభైమంది ఉన్నా ఆ ఎనిమిది లీటర్లలో పెద్ద తేడా రాదు. డ్రైవరు జీతం మారదు. కండక్టరు జీతం మారదు. టైర్లు అరిగేది అరుగుతూనే ఉంటాయి. అంటే, ఖాళీ సీటుకు కూడా సంస్థ ఖర్చు పెట్టేసినట్టే. ఆ సీట్లోనో, సీటు కిందో, డిక్కీలోనో ఓ పది కిలోల మూట పెడితే వచ్చే రూపాయిలో సింహభాగం మిగులే. బియ్యం ఉడుకుతున్న సెగ మీదే మూతపెట్టి పప్పు వేడి చేసుకోవడం లాంటిదన్నమాట. విడిగా పొయ్యి వెలిగించక్కర్లేదు.

కొత్త సంగతేం కాదు!

నిజానికి ఈ కిటుకు మన పల్లెలకు ఎప్పుడో తెలుసు. ధాన్యం బస్తాలతో పట్నం వెళ్లిన ఎడ్లబండి ఖాళీగా తిరిగొస్తే పెద్దాయన ఊరుకునేవాడు కాదు. ఉప్పు బస్తానో, కిరసనాయిలు డబ్బానో, ఎవరింటికో కావాల్సిన పెంకులో వేసుకుని రావాల్సిందే. లారీ డ్రైవర్లు దీన్నే ‘రిటర్న్ లోడు’ అంటారు. అది దొరక్కపోతే ఆ ట్రిప్పు దండగ అని వాళ్లకు బాగా తెలుసు.

బస్సుల్లోనూ ఇది ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది. తెల్లవారుజామున పేపరు కట్టలు ఊళ్లకు చేరడానికి తొలి బస్సే దిక్కు. ఆదివారం పొద్దున ఇంటిముందు పడే పేపరుకు చాలాచోట్ల ఆ బస్సుతో రుణం ఉండే ఉంటుంది. పాలక్యాన్లు, కోళ్లగంపలు, పూలబుట్టలు... లగేజీ టిక్కెట్టు కొట్టించుకుని ఎన్ని ప్రయాణించలేదు! ‘ఫలానా స్టేజీలో మా బావమరిది ఉంటాడు, కాస్త ఈ సంచి ఇచ్చేయన్నా’ అని కండక్టర్‌ని బతిమాలని ఊరుందా? నిబంధనలు ఒప్పుకోకపోయినా మొహమాటం ఒప్పించేది. ఆ సంచికి రసీదు లేదు. పోతే పూచీ లేదు. సంస్థకు పైసా రాదు. గిరాకీ మాత్రం అక్కడే, కళ్లముందే ఉంది.

పొలంలో మోటారు కాలిపోయిందనుకోండి. వరి పొట్టమీద ఉంది, రెండురోజులు నీళ్లు ఆగితే పంట దెబ్బతింటుంది. కావాల్సిన బేరింగు ఖమ్మంలో దొరుకుతుంది. పాత పద్ధతిలో అయితే రైతు పని మానుకుని బస్సెక్కాలి, కొనుక్కుని మళ్లీ బస్సెక్కాలి. పూట పోతుంది, రానూపోనూ ఛార్జీ పోతుంది. అదే, షాపువాడు ఖమ్మం బస్టాండులో పార్శిల్ చేస్తే? గంటకో బస్సు ఉండనే ఉంది. మధ్యాహ్నానికల్లా బేరింగు తల్లాడలో ఉంటుంది. కొరియర్ కంపెనీ వ్యానుకు ఆ ఒక్క బేరింగు కోసం రావడం గిట్టదు. బస్సుకు గిట్టుబాటు అన్న మాటే లేదు, అది ఎలాగూ వస్తోంది.

ఆగిపోయిన రోజుల్లో...

మరి ఇంత తేలిక విషయాన్ని సంస్థ ఎందుకు పట్టించుకోలేదు? పట్టించుకోలేదని కాదు. పార్శిళ్ల పనిని చాలాకాలం బయటివారికి అప్పగించింది. మనుషుల్ని చేరవేయడమే మన పని, మూటల గొడవ మనకెందుకన్న ధోరణి అది. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలై, 1958లో ఏపీఎస్ఆర్టీసీగా మారి, రాష్ట్ర విభజన తర్వాత రెండుగా విడిపోయిన సంస్థ ఇది. అంత పాత సంసారంలో అలవాట్లు ఓ పట్టాన మారవు.

మార్చింది కష్టకాలమే. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. అది 52 రోజులు నడిచింది. దసరాకు మొదలైన సమ్మె కార్తీకం వెళ్లేదాకా తెగలేదు. ఆ రోజుల్లో కార్మికుల ఇళ్లలో పొయ్యి వెలగడమే గగనమైంది. ప్రాణాలు పోయిన ఇళ్లూ ఉన్నాయి. సంస్థ ఉంటుందా, ప్రైవేటుపరం అవుతుందా అన్నంత దాకా వెళ్లింది వ్యవహారం. సమ్మె ముగిశాక డిసెంబరు 1న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కార్మికులతో సమావేశమయ్యారు. సంస్థను నిలబెట్టే మార్గాల్లో ఒకటిగా సొంతంగా సరుకు రవాణా మొదలుపెట్టాలన్న మాట అక్కడ బలంగా వినిపించింది.

ఏర్పాట్లు సాగుతుండగానే కరోనా వచ్చిపడింది. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూతో ఆగిన చక్రాలు జిల్లాల్లో మే 19 దాకా తిరగలేదు. హైదరాబాద్ సిటీ బస్సులకైతే సెప్టెంబరు దాకా మోక్షం లేదు. సత్తుపల్లి దాటితే ఆంధ్రా. తల్లాడ మీదుగా రాజమండ్రి వైపు వెళ్లే రోడ్డు ఇది. రెండు రాష్ట్రాల మధ్య బస్సులు మళ్లీ మొదలయ్యేసరికి ఆ ఏడాది నవంబరు వచ్చేసింది. వేల బస్సులు డిపోల్లో దుమ్ముకొట్టుకుపోయాయి. వ్యాపారంలో ఖాళీ అంటే ఏమిటో అంతకంటే స్పష్టంగా ఇంకెవరూ చూపించలేరు.

సరిగ్గా అప్పుడే, 2020 జూన్‌లో, టీఎస్ఆర్టీసీ పార్శిల్, కార్గో సేవలు మొదలయ్యాయి. అప్పటి రవాణా మంత్రి పువ్వాడ అజయ్‌కుమార్ ఖమ్మం ఎమ్మెల్యేనే కావడం ఈ జిల్లావాళ్లు గుర్తుపెట్టుకున్న విషయం. రెండు రకాల ఖాళీని అప్పుడు వాడుకలోకి తెచ్చారు. ఒకటి, నడుస్తున్న బస్సుల్లోని జాగా. చిన్న పార్శిళ్లకు అది చాలు. రెండోది, లక్షల కిలోమీటర్లు తిరిగి ప్రయాణికుల్ని ఎక్కించుకునే యోగ్యత కోల్పోయిన బస్సులు. మామూలుగా వాటి గమ్యం తుక్కు వేలం. వాటిలో కాస్త ఓపికున్నవాటిని ఏరి, సీట్లు పీకేసి, కిటికీలు మూసేసి సరుకు బళ్లుగా మార్చారు. అంగన్‌వాడీ సరుకులు, బతుకమ్మ చీరలు వంటి ప్రభుత్వ సరంజామా వీటిలోకి ఎక్కింది. బస్సులతోపాటు మనుషులకూ కొత్త పని వచ్చింది. స్టీరింగు పట్టినవాళ్లు, టిక్కెట్లు కోసినవాళ్లు పార్శిల్ కౌంటర్లలో తూకాలేశారు. దుకాణాల చుట్టూ తిరిగి బుకింగులు తెచ్చారు. సంస్థ ఉద్యోగి ‘మీ సరుకు మాకివ్వండి’ అని షాపు మెట్లెక్కడం అంతకుముందు ఎవరైనా ఊహించారా?

రాములోరి తలంబ్రాలు... ఇంటి గుమ్మంలోకి!

జనం దీన్ని గుర్తించింది మాత్రం భద్రాద్రి రాముడి వల్లే.

శ్రీరామనవమి నాడు భద్రాచలంలో జరిగే కల్యాణం తెలుగునాట ప్రతి ఇంటి పెళ్లి. గోటితో ఒలిచిన బియ్యం, ముత్యాలు కలిసిన ఆ తలంబ్రాలు నాలుగు గింజలు దొరికితే చాలనుకుంటారు. పెళ్లికావాల్సిన పిల్లలున్న ఇంట్లో అయితే మరీనూ. కానీ వెళ్లగలిగేది ఎందరు? పైగా 2020, 2021ల్లో కరోనా వల్ల కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. 2022లో మళ్లీ తలుపులు తెరుచుకున్నప్పుడు ఆర్టీసీ, దేవాదాయశాఖ కలిసి ఓ ఏర్పాటు చేశాయి. 80 రూపాయలు కట్టి బుక్ చేసుకుంటే కల్యాణం తర్వాత తలంబ్రాలు ఇంటికే వస్తాయి.

ఏమో, ఎవరు కొంటారులే అనుకున్నవాళ్లు లేకపోలేదు. తీరా చూస్తే 88 వేల మందికి పైగా బుక్ చేసుకున్నారు. దాదాపు 71 లక్షల రూపాయలు! మరుసటి ఏడాది ధర 116 రూపాయలైంది. అయినా బుకింగులు లక్ష దాటాయి. 2024లో 151 చేశారు. ధర పెంచినా తగ్గని గిరాకీ ఇది. ఎందుకంటే ఇక్కడ జనం కొంటున్నది రవాణా కాదు, రాములోరి ఆశీర్వాదం. భద్రాచలం డిపో నుంచి ఊరూరికీ బస్సులు ఎప్పటిలాగే బయల్దేరాయి. ఆ పొట్లాల కోసం కొత్తగా నడపాల్సిన బస్సులేమీ పెద్దగా లేవు. మేడారం జాతరకూ ఇదే దారి పట్టారు. 2024లో 299 రూపాయలకు సమ్మక్క సారలమ్మల ప్రసాదం ఇంటికి పంపారు.

గమనించాల్సింది ఇంకోటుంది. బస్సులో జాగా అన్ని ఊళ్లలోనూ ఉంది. తలంబ్రాలు భద్రాచలంలోనే ఉన్నాయి. ఖాళీ జాగా ఉన్నంత మాత్రాన డబ్బు రాదు. ఆ జాగాలో ఏం పెడితే జనం ఆశపడతారో కనిపెట్టిన రోజునే వస్తుంది.

ఖాళీ ఊరికే రాదు

అలాగని అంతా ఉచితంగా వచ్చిపడే ఆదాయమని మురిసిపోతే బోల్తా పడతాం. డీజిల్ ఖర్చు లేదు, నిజమే. కానీ ఆ మూటను తూచేవాడు కావాలి. రసీదు రాసేవాడు కావాలి. బస్సు రెండు నిమిషాలు ఆగే చిన్న స్టేజీలో దాన్ని దించుకునేవాడు కావాలి. తల్లాడలో దిగాల్సిన పెట్టె సత్తుపల్లి పోయిందంటే మర్నాటి బస్సుకు తిరిగి రావాలి. బరువైన పెట్టెలు ఎక్కించడానికి స్టేజీకి అయిదేసి నిమిషాలు ఆలస్యమైతే లోపల కూర్చున్న ప్రయాణికుడు ఊరుకుంటాడా? మనుషుల కోసం నడిచే బస్సు మూటల కోసం ఆలస్యమైతే మొదటికే మోసం.

అసలు చిక్కు చివరి రెండు కిలోమీటర్లది. బస్టాండు దాకా బస్సు తెస్తుంది. బస్టాండు నుంచి ఇంటికి? ప్రైవేటు కొరియర్లు గెలిచింది అక్కడే. 2024 అక్టోబరు 27న సంస్థ హైదరాబాద్‌లో 31 ప్రాంతాల నుంచి హోం డెలివరీ మొదలుపెట్టింది. కిలోలోపు పార్శిల్‌కు 50 రూపాయలు. నగరంలో ఇల్లూ ఇల్లూ దగ్గర కాబట్టి ఒక కుర్రాడు ఒక పూటలో చాలా గుమ్మాలు చుట్టిరాగలడు. చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేల్లో ఇంటికీ ఇంటికీ మధ్య వాగు ఉంటుంది. అక్కడ లెక్క వేరు.

వేరే దేశాల్లో ఈ పాఠాన్ని రకరకాలుగా నేర్చుకున్నారు. స్విట్జర్లాండ్‌లో కథ తిరగబడింది. 1906లో బెర్న్ నుంచి టపా బస్సు మొదలైంది. ఉత్తరాలు మోసే బండి ఎలాగూ కొండల్లోకి వెళ్తోంది కదా అని మనుషుల్ని ఎక్కించుకున్నారు. ఆ పసుపు బస్సులు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఫిన్లాండ్‌లో 1933 నుంచే బస్సు కంపెనీల తరఫున పార్శిళ్ల పని చూసే సంస్థ ఉంది. జపాన్‌లో మరీ ఆసక్తికరం. ఇవాతె ప్రాంతపు కొండ పల్లెల్లో కుర్రాళ్లు పట్నాలకు పోయి ముసలివాళ్లే మిగిలారు. బస్సులకు ప్రయాణికులు కరవయ్యారు. 2015లో యమాతో అనే పార్శిల్ కంపెనీ అక్కడి బస్సు సంస్థతో కలిసి బస్సు వెనక సీట్లు కొన్ని తీయించి సరుకు పెట్టింది. కంపెనీకి లారీ ఖర్చు తగ్గింది. ముసలమ్మలకు ఆసుపత్రికి వెళ్లే బస్సు మిగిలింది. అందరికీ కలిసొచ్చిందనీ చెప్పలేం. అమెరికాలో గ్రేహౌండ్ బస్సుల పార్శిల్ సర్వీసు దశాబ్దాలు నడిచి 2022లో మూతపడింది.

మన దగ్గర కూడా ఆ జపాన్ ముసలమ్మ కథే ముఖ్యం. టిక్కెట్ల రాబడితో పోలిస్తే పార్శిళ్ల రాబడి చిన్నది. దాంతోనే సంస్థ అప్పులు తీరిపోవు. కానీ అడవి అంచు ఊళ్లకు వెళ్లే ఆఖరి ట్రిప్పు ఎప్పుడూ కత్తి అంచు మీదే ఉంటుంది. కిలోమీటరుకు ఎంత వచ్చిందో చూసి, రాని ట్రిప్పుల్ని తగ్గించడం ఏ డిపోలోనైనా జరిగేదే. ఓ ట్రిప్పు రద్దయితే కాలేజీ పిల్ల చదువు ఆగొచ్చు, పురుడు కష్టమైన తల్లికి ఆటోయే గతి కావొచ్చు. అలాంటి ట్రిప్పులో నాలుగు పార్శిళ్లు పడితే దాన్ని నడపడానికి మేనేజరుకు ఓ సాకు దొరుకుతుంది. చిన్న డబ్బే, పెద్ద సాకు.

సీట్లు నిండాయి... మరి ఇప్పుడు?

2023 డిసెంబరు 9న కథ మలుపు తిరిగింది. మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితమైంది. టిక్కెట్టు డబ్బు ప్రభుత్వం సంస్థకు చెల్లించే ఏర్పాటు. ఒకరకంగా ఇది కూడా ఖాళీ సీటు లెక్కే. ఎలాగూ వెళ్తున్న బస్సులో ఎక్కేవాళ్లు పెరిగితే పోయేదేముంది? మొదట్లో ఏమీ పోలేదు. కూలికెళ్లే ఆడవాళ్లకు రోజూ ఇరవయ్యో నలభయ్యో మిగిలింది. ఆసుపత్రికి వాయిదా వేసుకున్న ప్రయాణాలు కదిలాయి. తర్వాత బస్సులు కిటకిటలాడాయి. ఫుట్‌బోర్డు మీద వేలాడే రోజులు మళ్లీ వచ్చాయి. ఖాళీ ఉన్నంతవరకే అదనపు ప్రయాణికుడు చవక. యాభై ఒకటో మనిషికి ఇంకో బస్సు కావాలి. దానికి డ్రైవరు కావాలి, డీజిల్ కావాలి. ఈ తేడాను పట్టించుకోకుండా చేసే వాదనలు ఏ పక్షానివైనా సగం లెక్కలే.

మరి సీట్లు నిండిన బస్సులో మూటలకు చోటేదీ? పల్లెవెలుగులో తగ్గింది. సీట్ల కింద డిక్కీ ఉండే సూపర్ లగ్జరీల్లో ఉంది. తుక్కు నుంచి బతికిన సరుకు బళ్లలో ఉంది. ఇక, అసలు ఎవరూ ఖాళీ అనుకోని చోట్ల వెతకడమూ మిగిలే ఉంది. కేరళ ఆర్టీసీ 2020లో మున్నార్ డిపోలో పాత బస్సుల్ని పడకగదులుగా మార్చి, రాత్రికి వంద రూపాయలకు పర్యాటకులకు అద్దెకిచ్చింది. మున్నార్‌లో హోటల్ గది ధర తెలిసినవాళ్లు ఎగబడ్డారు. కర్ణాటక ఆర్టీసీ అదే ఏడాది ఓ పాత బస్సును ఆడవాళ్ల మరుగుదొడ్డిగా మార్చి బెంగళూరు బస్టాండులో నిలిపింది. విమానాలకూ తప్పలేదు ఈ తిప్పలు. 2020 ఏప్రిల్ 7న స్పైస్‌జెట్ ఢిల్లీ నుంచి చెన్నైకి ప్రయాణికుల సీట్ల మీద సరుకు పెట్టి ఎగిరింది. తెలంగాణలో రోడ్డు పక్క ఆర్టీసీ స్థలాల్లో పెట్రోలు బంకులు వెలిశాయి. బస్సుకు పోసే డీజిల్ పక్కనే జనానికీ పోస్తున్నారన్నమాట.

ఖాళీని వాడుకోవడంలో అన్నిటికంటే పాత తెలివి మాత్రం ఏ అధికారీ కొత్తగా కనిపెట్టింది కాదు. అది నైట్ హాల్టు. రాత్రంతా బస్సు డిపోలో ఊరికే నిలబడాలి, పొద్దున్నే ఖాళీగా ఊరికి వెళ్లి జనాన్ని ఎక్కించుకోవాలి. అలాకాకుండా రాత్రి ఆఖరి ట్రిప్పు జనంతో ఊరికెళ్లి అక్కడే పడుకుంటే? పొద్దున తొలి ట్రిప్పు అక్కణ్నుంచే మొదలవుతుంది. ఖాళీగా తిరిగే కిలోమీటర్లు మిగులు. నిద్రపోతున్న బస్సు కూడా పనిచేస్తున్నట్టే. డ్రైవరు, కండక్టరు గుడి అరుగు మీదో, పంచాయతీ ఆఫీసు వసారాలోనో నడుం వాలుస్తారు. ఎవరో ఒకరు చెంబుతో నీళ్లు, గిన్నెలో కూర తెచ్చిపెడతారు.

తెల్లారి అయిదింటికి ఇంజను మోగుతుంది. ఆ చప్పుడుకే ఊళ్లో సగం మంది లేస్తారు. మొదట ఎక్కేవి కూరగాయల బుట్టలు. తర్వాత కాలేజీ పిల్లలు, ఖమ్మం పెద్దాసుపత్రికి వెళ్లే ముసలాయన. కండక్టరు పార్శిల్ కాగితాన్ని చొక్కా జేబులో మడిచిపెట్టుకుని, ‘ఇంకెవరైనా ఉన్నారా’ అని చీకట్లోకి ఓసారి కేకేసి విజిల్ ఊదుతాడు.